చవక లెన్సులతో అతి దగ్గరి ఫొటోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో పడి ఉన్న ఒక పాత లెన్స్, దాన్ని తిప్పి బిగించడానికి ఒక రింగు, కాస్త తెల్ల కాగితం ఉంటే ఈగ కన్ను తెరనిండా కనిపించేలా ఫొటో తీయొచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా లెన్స్ గురించే అడుగుతారు. నా ఉద్దేశంలో లెన్స్ సంగతి ఒక సాయంత్రంలో తేలిపోతుంది. ఆ తర్వాత ఫొటో బాగుండేదీ పాడయ్యేదీ వెలుతురు వల్ల, కదలిక వల్ల. అందుకే కింద ఆ రెండింటి జవాబులు పొడుగ్గా ఉంటాయి.

మామూలు మాక్రోకీ ఎక్స్‌ట్రీమ్ మాక్రోకీ తేడా ఏమిటి?

వస్తువు అసలు సైజూ, సెన్సర్ (కెమెరాలో ఫిల్ము స్థానంలో ఉండే పలక) మీద పడే దాని బొమ్మ సైజూ సమానమైతే దాన్ని 1:1 అంటారు. అంటే 5 మి.మీ. చీమ సెన్సర్ మీద కూడా 5 మి.మీ. పొడవే పడుతుంది. మాక్రో లెన్సులు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. దీన్ని దాటి 2, 4, 10 రెట్లకు వెళ్లేదే ఎక్స్‌ట్రీమ్ మాక్రో. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మి.మీ. కాబట్టి 4 రెట్ల దగ్గర ఫ్రేములో పట్టేది 9 మి.మీ. మాత్రమే. అంతకన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్‌లో అయితే దాదాపు 6 మి.మీ.

నా సెటప్ ఎన్ని రెట్లు ఇస్తోందో ఎలా తెలుసుకోవాలి?

మిల్లీమీటర్ల గీతలున్న స్కేలును ఫొటో తీయండి. అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లు పట్టాయో చూసి, ఆ అంకెతో సెన్సర్ వెడల్పును భాగించండి. 36 మి.మీ. సెన్సర్‌లో 12 మి.మీ. పడితే 3 రెట్లు. లెక్కలు, పట్టికలు చూసి అంచనా వేయడం కన్నా ఇదే నమ్మకం. సెటప్ మార్చినప్పుడల్లా ఒక స్కేలు ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాత పనికొస్తుంది.

ఖరీదైన మాక్రో లెన్స్ లేకుండా నాణ్యత నిజంగా వస్తుందా?

వస్తుంది. దానికి కారణం కూడా సూటిగానే ఉంటుంది. మామూలు లెన్స్‌ను దూరంగా ఉన్న దృశ్యాన్ని దగ్గరలో ఉన్న సెన్సర్ మీద వేయడానికి తయారుచేస్తారు. 1:1 దాటామంటే పరిస్థితి తలకిందులవుతుంది: వస్తువు లెన్స్‌కు దగ్గరగా, సెన్సర్ దూరంగా ఉంటాయి. అప్పుడు లెన్స్‌ను కూడా తిప్పేస్తే అది తనకు అలవాటైన పనే చేస్తుంది. అందుకే తిప్పి బిగించిన మామూలు 50 మి.మీ. లెన్స్, కింద చెప్పే ట్యూబులు జోడించి 2 రెట్లకు పైన వాడినా ఆశ్చర్యపోయేంత స్పష్టంగా తీస్తుంది.

అయితే ముందు ఏం ప్రయత్నించాలి?

లెన్స్ తిప్పడమే. కెమెరాకు లెన్స్ ఊడదీసి, దాన్ని ముందుభాగం కెమెరా వైపు వచ్చేలా చేత్తో పట్టుకుని, ఏదైనా వస్తువుకు దగ్గరగా తీసుకెళ్లి చూడండి. పైసా ఖర్చు లేకుండా ఇది మీకు నచ్చే పనో కాదో తెలిసిపోతుంది. నచ్చితే రివర్స్ రింగు కొనండి. దానికి ఒకవైపు మీ కెమెరా మౌంటు (లెన్స్ బిగించే చోటు)కు సరిపోయే భాగం, రెండోవైపు లెన్స్ ముందుండే ఫిల్టర్ మర ఉంటాయి. కొనేముందు లెన్స్ మీద రాసి ఉన్న ఫిల్టర్ సైజు చూసుకోండి, 49, 52, 58 ఇలా ఉంటుంది.

ఏ లెన్స్ తిప్పితే ఎన్ని రెట్లు వస్తాయి?

ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీద రాసి ఉండే మి.మీ. అంకె) తగ్గేకొద్దీ రెట్లు పెరుగుతాయి. దూరాన్ని దగ్గర చేసి చూపే టెలి లెన్సుల అలవాటుకు ఇది తిరకాసుగా అనిపించవచ్చు. 50 మి.మీ. లెన్స్ తిప్పితే దాదాపు 1:1, 28 మి.మీ. అయితే 2 రెట్లకు కాస్త పైన, 18-55 కిట్ లెన్స్‌ను 18 దగ్గర పెడితే 3 రెట్లు దాటుతుంది. జూమ్ తిప్పితేనే రెట్లు మారతాయి కాబట్టి మూలన పడేసిన కిట్ లెన్స్ ఇక్కడ మంచి పనిముట్టు అవుతుంది.

వస్తువుకూ లెన్స్‌కూ మధ్య మిగిలే దూరం మాత్రం లెన్స్ ఏదైనా పెద్దగా మారదు. మౌంటు నుంచి సెన్సర్‌కు ఉండాల్సిన దూరానికి దగ్గరగా ఉంటుంది. కానన్ ఈఎఫ్‌లో అది 44 మి.మీ., నికాన్ ఎఫ్‌లో 46.5 మి.మీ. అంటే 4 సెం.మీ. పైచిలుకు. ఆ కాస్త జాగాలోనే వెలుతురు దూర్చాలి.

లెన్స్ తిప్పాక అపర్చర్ ఎలా మార్చాలి?

అపర్చర్ అంటే లెన్స్ లోపల వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్/ పక్కన అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది. లెన్స్ మీద దాని రింగు ఉంటే ఏ గొడవా లేదు. అందుకే ఈ పనికి పాత మాన్యువల్ లెన్సులే హాయి అంటాను. రింగు లేని కానన్ ఈఎఫ్ లెన్సులకు ఒక ఉపాయం ఉంది. లెన్స్‌ను మామూలుగా బిగించి, ఎఫ్/5.6 లాంటిది పెట్టుకుని, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకునే లెన్స్ ఊడదీస్తే అపర్చర్ అక్కడే ఆగిపోతుంది. నికాన్ జీ లెన్సుల వెనక చిన్న మీట ఉంటుంది. ఊడదీయగానే అపర్చర్ బాగా మూసుకుపోతుంది కాబట్టి మడిచిన కాగితం ముక్క ఆ మీట పక్కన దోపి కావలసినంత తెరిచి ఉంచాలి. కొత్త మిర్రర్‌లెస్ లెన్సులు చాలావాటిలో అపర్చరూ ఫోకసూ రెండూ కరెంటుతోనే నడుస్తాయి, వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

రింగు బదులు టేపుతో అంటించవచ్చా?

ఒకసారి చూడటానికి అయితే సరే. బరువైన లెన్స్ టేపు మీద నిలవదు, కిందపడితే పోయేది లెన్సే.

ఎక్స్‌టెన్షన్ ట్యూబులు ఎప్పుడు వాడాలి?

ట్యూబు అంటే అద్దాలేమీ లేని ఖాళీ గొట్టం. లెన్స్‌ను సెన్సర్ నుంచి దూరం జరపడమే దాని పని. ట్యూబు పొడవును ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే అదనంగా వచ్చే రెట్లు తెలుస్తాయి. 12, 20, 36 మి.మీ. ట్యూబులు మూడూ కలిపితే 68 మి.మీ., కాబట్టి 50 మి.మీ. లెన్స్‌కు 1.36 రెట్లు అదనం. తిప్పిన లెన్స్ వెనక పెట్టినా ఇదే లెక్క. మామూలు పీవీసీ పైపుతో కూడా ట్యూబు చేయొచ్చు, కానీ లోపల నున్నగా మెరిస్తే ఫొటో మొత్తం పాలిపోతుంది. లోపలి గోడకు మెరుపులేని నల్ల కాగితమో నల్ల మఖమలు గుడ్డో అంటించండి. కొన్న చవక ట్యూబుల్లో కూడా ఈ జబ్బు ఉంటుంది. కాంట్రాస్ట్ తక్కువగా వస్తోందని లెన్స్‌ను తిట్టుకునే ముందు ట్యూబు లోపలికి ఒకసారి చూడండి.

రెండు లెన్సులు ఎదురెదురుగా బిగించడం అంటే?

టెలి లెన్స్‌ను కెమెరాకు మామూలుగా తగిలించి, దాని ముందు ఇంకో లెన్స్‌ను తిప్పి బిగిస్తారు. మధ్యలో రెండువైపులా మర ఉన్న రింగు కావాలి. వెనక లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను ముందుదానితో భాగిస్తే రెట్లు వస్తాయి: 200 ముందు 50 పెడితే 4 రెట్లు, 100 ముందు 50 పెడితే 2 రెట్లు. రెండింటినీ ఇన్ఫినిటీ ఫోకస్‌లో ఉంచాలి.

4 రెట్ల కోసం తక్కువ ఖర్చులో ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు. వెనక లెన్స్ కెమెరాతో మాట్లాడుతూనే ఉంటుంది కాబట్టి ఎక్స్‌పోజర్, స్టెబిలైజేషన్ పనిచేస్తాయి. ఇబ్బంది మూలలు నల్లబడటంలో వస్తుంది. వెనక జూమ్ అయితే పెద్ద ఫోకల్ లెంగ్త్ వైపు తీసుకెళ్లండి. వెనక లెన్స్‌ను పూర్తిగా తెరిచి అపర్చర్‌ను ముందు లెన్స్‌తో సరిచేసి చూడండి. 50 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/4 దగ్గర పెడితే దాని రంధ్రం 12.5 మి.మీ. 200 తో కలిసినప్పుడు అది ఎఫ్/16 కింద లెక్క. అంతకన్నా మూయాల్సిన అవసరం దాదాపు రాదు.

రేనాక్స్ లాంటి క్లోజప్ లెన్సులు ఎలా ఉంటాయి?

బాగుంటాయి. లెన్స్ ముందు క్లిప్పులా తగిలించేస్తే చాలు, బయట తిరుగుతూ తీసేవాళ్లకు అనువు. రేనాక్స్ డీసీఆర్-250 శక్తి 8 డయాప్టర్లు, అంటే ఫోకల్ లెంగ్త్ 125 మి.మీ. 200 మి.మీ. లెన్స్ ముందు పెడితే 1.6 రెట్లు. ఒకే గాజు పలకతో చేసిన చవక +4, +10 ఫిల్టర్ల సెట్లు మాత్రం కొనకండి. అంచుల్లో రంగులు చిమ్ముతాయి.

మైక్రోస్కోప్ ఆబ్జెక్టివ్ కెమెరాకు పెట్టవచ్చా?

పెట్టవచ్చు. 4 నుంచి 10 రెట్ల మధ్య దానికి పోటీ లేదు. ఆబ్జెక్టివ్ మీద ఏం రాసి ఉందో ముందు చదవండి. 160 అని ఉంటే అది నేరుగా గాలిలో బొమ్మ వేసే రకం, బెలోస్ (సాగదీయగల మడతల గొట్టం) మీదో 150 మి.మీ. గొట్టం మీదో బిగిస్తే సరిపోతుంది. ∞ గుర్తు ఉంటే దానివెనక ఇంకో లెన్స్ కావాలి. ఆ పనికి మీ టెలి లెన్సే చాలు. నికాన్ తరహావి 200 మి.మీ. మీద అచ్చంగా రాసిన రెట్లు ఇస్తాయి, ఒలింపస్‌వి 180 మి.మీ. మీద. 200 కోసం చేసిన 10 రెట్ల ఆబ్జెక్టివ్‌ను 100 మి.మీ. లెన్స్ మీద పెడితే 5 రెట్లే వస్తాయి. సాధారణంగా ఆబ్జెక్టివ్ మర 20.32 మి.మీ. ఉంటుంది, దాన్ని ఫిల్టర్ మరకు కలిపే రింగులు దొరుకుతాయి.

రెట్ల పక్కన 0.10, 0.25 లాంటి అంకె కూడా ఉంటుంది. అది ఎన్ఏ, లెన్స్ ఎంత సన్నటి వివరాన్ని విడదీయగలదో చెప్పేది అదే. 0.10 ఉన్నది 3 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాస్త పైన ఉన్న వివరాన్ని, 0.25 ఉన్నది 1.3 మైక్రాన్ల దగ్గరి వివరాన్ని చూపిస్తుంది. మరో సంగతి, 40 రెట్ల ఆబ్జెక్టివ్ కొనకండి. వస్తువుకూ గాజుకూ మధ్య మిల్లీమీటరు కూడా మిగలదు, పైనుంచి వెలుతురు పడే దారే ఉండదు.

ఎన్‌లార్జర్ లెన్సులు?

ఫిల్మ్ ఫొటోలు ప్రింట్ చేసే యంత్రాల లెన్సులివి. వాటిని దగ్గరి పనికోసమే తయారుచేశారు. 50 మి.మీ. ఎఫ్/2.8 రకాలు పాత సామాన్లలో చవకగా దొరుకుతాయి, చాలావాటికి 39 మి.మీ. మర ఉంటుంది. ఫోకస్ రింగు ఉండదు కాబట్టి బెలోస్ కావాలి. 1:1 దాటాక వీటినీ తిప్పే వాడండి.

ఫోన్‌తో కుదురుతుందా?

కుదురుతుంది. పాడైన సీడీ డ్రైవ్‌లోని లెన్స్‌ను ఫోన్ కెమెరా ముందు చిన్న టేపు ముక్కతో నిలబెడితే కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న ప్రాంతం తెరనిండా వస్తుంది. 17వ శతాబ్దంలో లీవెన్‌హుక్ సూక్ష్మజీవులను చూసింది కూడా పూసంత ఒంటి లెన్స్‌తోనే. స్టాన్‌ఫోర్డ్‌లో పుట్టిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు మైక్రోస్కోపూ ఆ దారిదే.

రెండు కెమెరాలో మూడు కెమెరాలో ఉన్న ఫోన్లు దగ్గరికి వెళ్లగానే తమంతట తాము వేరే కెమెరాకు మారిపోతాయి. లెన్స్ ఒకదాని మీద ఉంటుంది, ఫొటో ఇంకోదానితో వస్తుంది. సెట్టింగుల్లో ఆటో మాక్రో ఆపేయండి. ఫోన్‌ను రెండు పుస్తకాల మధ్య పడుకోబెట్టి, కింద వస్తువును కాగితాలు పేర్చి పైకి లేపుతూ ఫోకస్ చేయండి. చేత్తో పట్టుకుంటే సాధ్యపడదు.

పాత సామాన్ల నుంచి లెన్సులు తీయడంలో ప్రమాదం ఉందా?

ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఫ్లాష్ ఉన్న వాడిపారేసే కెమెరాల్లో కెపాసిటర్ సుమారు 300 వోల్టుల వరకు ఛార్జ్ అయి ఉంటుంది. బ్యాటరీ తీసేసినా చాలాసేపు నిలిచి ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ పని తెలియకపోతే వాటిని విప్పకండి. సీడీ డ్రైవ్‌ను కరెంటు పెట్టి ఉండగా తెరవకండి, అందులోని లేజర్ కంటికి హాని చేస్తుంది. ఎక్స్‌రే యంత్రాలు, స్కానర్లు, ఫొటోకాపీ మెషీన్ల లెన్సులు కూడా వాడేవాళ్లున్నారు. ఏ యంత్రంలోని లెన్స్ తీస్తున్నా దాని లోపల ఏం ఉందో ముందు తెలుసుకోండి.

ఎఫ్/16 పెట్టినా ఫొటో ఎందుకు మెత్తగా వస్తోంది?

కెమెరా చూపే అంకె ఇక్కడ నిజం కాదు. మామూలు 50 మి.మీ. లెన్స్ లాంటిదానికి అసలు అపర్చర్ కావాలంటే, లెన్స్ మీది అంకెను రెట్లకు ఒకటి కలిపి వచ్చినదానితో గుణించాలి. 3 రెట్ల దగ్గర ఎఫ్/8 అంటే 8 ను 4 తో గుణించాలి, ఎఫ్/32 అయింది. ఎఫ్/32 దగ్గర ఒక్కో వెలుగు చుక్క సెన్సర్ మీద 40 మైక్రాన్లకు పైగా పరుచుకుంటుంది. పిక్సెల్ 4 మైక్రాన్లే అనుకుంటే ఒక్క చుక్క అడ్డంగా పది పిక్సెళ్లు ఆక్రమిస్తుంది. దీన్నే డిఫ్రాక్షన్ అంటారు, ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని పూర్తిగా సరిచేయలేదు. అందుకని 3 రెట్లు దాటాక లెన్స్ మీద ఎఫ్/4, ఎఫ్/5.6 దగ్గరే ఉండండి. ఫోకస్‌లో ఉండే లోతు తగ్గిపోతుంది, నిజమే. దానికి మందు స్టాకింగ్ (పొరపొరగా ఫొటోలు తీసి కలపడం, కింద వస్తుంది), అపర్చర్ మూయడం కాదు.

వెలుతురు ఎలా పెట్టాలి?

అసలు పని ఇక్కడుంది. నల్లటి పెంకుపురుగు వీపును ఎల్ఈడీ టార్చితో తీయండి. వీపు మీద ఒక చుక్క తెల్లగా కాలిపోతుంది, చుట్టూ అంతా నల్లగా ఉంటుంది, పెంకు మీదున్న సన్నటి గుంటలు ఒక్కటీ కనబడవు. అదే టార్చికీ పురుగుకూ మధ్య ట్రేసింగ్ పేపర్ పెట్టండి. ఆ చుక్క విశాలమైన లేత మెరుపుగా పరుచుకుంటుంది, గుంటలు వరసలు వరసలుగా పైకి తేలతాయి, అంతవరకూ నల్లగా ఉన్న చోట కంచు రంగు బయటపడుతుంది. లెన్స్ మారలేదు, కెమెరా మారలేదు.

పురుగు ఒళ్లు అద్దం లాంటిది. దానికి ఏది ఎదురుగా ఉంటే అదే అందులో కనబడుతుంది. కాబట్టి వస్తువు చుట్టూ వీలైనంత ఎక్కువ తెలుపు ఉండేలా చూడాలి. నేను ఇష్టపడే పద్ధతి, పాలలాంటి తెలుపున్న పలుచని ప్లాస్టిక్ కప్పు అడుగు కోసేసి వస్తువు చుట్టూ బోర్లించడం. లెన్స్ పైనుంచి చూస్తుంది, వెలుతురు బయట రెండు వైపుల నుంచి కప్పు మీద పడుతుంది. పక్కనుంచి తీసేటప్పుడు ట్రేసింగ్ పేపర్‌ను గొట్టంలా చుట్టి లెన్స్ మూతికి తొడగండి. కాగితం వస్తువుకు ఎంత దగ్గరగా ఉంటే వెలుతురు అంత మెత్తగా ఉంటుంది. వెలిగే దీపాన్ని మాత్రం కాగితానికి కాస్త దూరంగా ఉంచండి, లేకపోతే కాగితం మీదే వేడిచుక్క పడి మళ్లీ మొదటికొస్తుంది.

అన్నివైపులా ఒకేలా వెలిగిస్తే బొమ్మ చప్పగా ఉంటుంది. ఒక పక్క దీపాన్ని కాస్త వెనక్కి జరిపితే నీడ వచ్చి ఆకారం తెలుస్తుంది.

ఫ్లాషా, ఎల్ఈడీయా?

బతికున్నవాటికి ఫ్లాష్. 1/16, 1/32 పవర్‌లో ఫ్లాష్ వెలిగేది చాలా తక్కువసేపు కాబట్టి కదలికను పట్టేస్తుంది. కదలని వస్తువుల స్టాకింగ్‌కు ఎల్ఈడీ సౌకర్యం, కానీ చవక దీపాలు మిణుకుతాయి. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే ఫొటోలో అడ్డచారలు పడతాయి. షట్టర్ స్పీడ్ తగ్గిస్తే చారలు పోతాయి.

ఎంత గట్టిగా పట్టుకున్నా ఊగుతోంది, ఏం చేయాలి?

10 రెట్ల దగ్గర మైక్రాన్ల కదలిక కూడా ఫొటోను చెడగొడుతుంది. పక్క గదిలో నడిచినా తెలుస్తుంది. ట్రైపాడ్ ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు, ఎందుకంటే కెమెరా ఒక చోట, వస్తువు ఇంకో చోట ఉండి రెండూ విడివిడిగా ఊగుతాయి. రెండింటినీ ఒకే మందపాటి చెక్క మీద బిగించండి. అప్పుడు ఊగితే రెండూ కలిసి ఊగుతాయి, ఫొటోకు ఏమీ కాదు. చెక్క కింద మెత్తటి స్పాంజి ముక్కలు పెట్టండి. ఫ్యాన్ ఆపండి. రెండు సెకన్ల టైమర్ పెట్టి, షట్టర్ అదురు తగ్గించే ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ సెట్టింగు ఉంటే వాడండి, డీఎస్ఎల్ఆర్ అయితే లైవ్ వ్యూలో తీయండి.

ఫోకస్ స్టాకింగ్ తప్పదా?

3 రెట్లు దాటితే దాదాపు తప్పదు. 4 రెట్ల దగ్గర స్పష్టంగా ఉండే లోతు 0.05 మి.మీ. 10 రెట్ల ఆబ్జెక్టివ్‌కు 0.01 మి.మీ. కన్నా తక్కువ. సీతాకోకచిలుక రెక్క చదునుగా ఉందనుకుంటాం. 10 రెట్ల దగ్గర కెమెరాను మెల్లగా ముందుకు జరుపుతుంటే మొదట ఒక వరస పొలుసుల అంచులు మాత్రమే తేటపడతాయి, తర్వాత వాటి మీది నిలువు గీతలు, అవి మసకబారేసరికి కింది వరస పైకి వస్తుంది. ఒక్కో పొలుసు పొడవు మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. ఒక్క ఫొటోలో ఇందులో ఏదో ఒక పొరే దొరుకుతుంది. పొరపొరనూ తీసి సాఫ్ట్‌వేర్‌తో కలపడమే స్టాకింగ్.

ఒక్కో అడుగు ఎంత జరపాలి? ఎన్ని ఫొటోలు?

స్పష్టంగా ఉండే లోతు కన్నా అడుగు చిన్నదిగా ఉండాలి, లేకపోతే మధ్యమధ్య మసక చారలు మిగులుతాయి. 4 రెట్లకు 0.035 మి.మీ. బాగుంటుంది. 2 మి.మీ. లోతున్న వస్తువుకు 60 ఫొటోలు అవుతాయి. 10 రెట్లకు 0.006 మి.మీ. అడుగు, అంటే 1 మి.మీ. లోతుకు 170 దాకా.

ఇంత సన్నగా జరపడానికి మోటారు రైలు అక్కర్లేదు. ఎం4 బోల్టు ఒక చుట్టు తిరిగితే 0.7 మి.మీ. ముందుకెళ్తుంది. దాని తలకు గుండ్రటి అట్ట అంటించి 20 గీతలు గీయండి. ఒక్కో గీతకు సరిగ్గా 0.035 మి.మీ., 4 రెట్లకు కావలసింది అదే. 10 రెట్లకైతే పాత మైక్రోస్కోప్ స్టాండు మంచిది. దాని ఫైన్ ఫోకస్ నాబ్ చాలావాటిలో ఒక చుట్టుకు 0.2 మి.మీ. మాత్రమే జరుగుతుంది. వస్తువును దాని బల్ల మీద పెట్టి, కెమెరాను పైన బిగించండి. ఎప్పుడూ ఒకే దిక్కుగా తిప్పండి, వెనక్కి తిప్పితే మరలోని వదులు వల్ల అడుగు తప్పుతుంది.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

డబ్బు పెట్టదలిస్తే హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్. ఉచితంగా అయితే హ్యూగిన్ అనే ప్రోగ్రాంతో వచ్చే రెండు పనిముట్లు: ఫొటోలను సరిపెట్టడానికి అలైన్ ఇమేజ్ స్టాక్, కలపడానికి ఎన్‌ఫ్యూజ్. జెరీన్‌లో పీమ్యాక్స్ పద్ధతి వెంట్రుకలు, కాళ్లు ఒకదానిమీద ఒకటి ఉన్నచోట బాగా పనిచేస్తుంది, కానీ మచ్చలను, గ్రెయిన్‌ను పెంచుతుంది. డీమ్యాప్ రంగులను సహజంగా ఉంచుతుంది, వెంట్రుకల దగ్గర తడబడుతుంది. పీమ్యాక్స్‌తో ఒకటి, డీమ్యాప్‌తో ఒకటి చేసి, డీమ్యాప్ బొమ్మ మీద వెంట్రుకల భాగాన్ని మాత్రం మొదటిదాని నుంచి అద్దడం చాలామంది చేసే పని. మెరుపు అంచుల చుట్టూ తెల్లటి వలయాలు వస్తుంటే సాఫ్ట్‌వేర్‌లో వెతక్కండి, ముందు వెలుతురును ఇంకా మెత్తబరచండి.

ఫ్రేములో వస్తువే దొరకట్లేదు!

అందరికీ ఎదురయ్యేదే. తక్కువ రెట్ల దగ్గర వెతికి మధ్యలోకి తెచ్చుకుని అప్పుడు రెట్లు పెంచండి. అది కుదరని సెటప్‌లో సన్నటి సూదిమొనను వస్తువు పక్కన ఆనించండి. మసకలో కూడా సూది ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది, దాని వెంట వెళ్లండి.

బతికున్న పురుగులను ఎలా తీయాలి?

తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు తూనీగలు, ఈగలు కొమ్మల మీద కదలకుండా ఉంటాయి, ఎండ ఎక్కేదాకా దగ్గరికి రానిస్తాయి. అప్పుడు 1 నుంచి 2 రెట్లలో తీయండి. 4 రెట్లు బతికున్నవాటితో ఆశపెట్టుకోవద్దు. గెంతే సాలీడు ఒక్కటే దీనికి కొంత మినహాయింపు: ముందున్న రెండు పెద్ద కళ్లతో లెన్స్‌ను తేరిపార చూస్తూ క్షణాలపాటు నిలబడిపోతుంది.

పురుగులను ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చడం, జిగురుతో అంటించడం, ఫొటో కోసం చంపడం నాకు సమ్మతం కాదు. కిటికీ అంచుల్లో, దీపాల కింద చచ్చిపడినవి కావలసినన్ని దొరుకుతాయి. తాజావైతే మేలు, ఎండేకొద్దీ కళ్లు లోపలికి కుంగిపోతాయి. సన్నటి మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి. 4 రెట్ల దగ్గర ఒక్క నూలుపోగు తాడంత కనిపిస్తుంది.

మొదట ఏం తీస్తే బాగుంటుంది?

కదలనివీ, చదునుగా ఉన్నవీ. అచ్చులో రంగు చుక్కలు, నోటు మీది సన్నటి రాత, ఫోన్ తెర పిక్సెళ్లు, ఉప్పు రవ్వ. తర్వాత పూల పుప్పొడి, ఈక, చివరికి ఈగ కన్ను. ఈగ కంటిలోని వేల అరలు మొదటి ప్రయత్నంలోనే తీయాలనుకుంటే వెలుతురు దగ్గరే విసుగొస్తుంది.

లెన్స్ తిప్పి వాడితే కెమెరాకు ఏమైనా అవుతుందా?

కరెంటు పరంగా ఏమీ కాదు. లెన్స్ వెనకవైపు గాజు, అపర్చర్ మీటలు బయటికొచ్చి ఉంటాయి కాబట్టి గీతలు పడకుండా చూసుకోవాలి. అసలు భయం దుమ్ముది. లెన్సులు, ట్యూబులు పదేపదే మార్చడం వల్ల సెన్సర్ మీద దుమ్ము చేరుతుంది. స్టాకింగ్‌లో ఆ ఒక్కో మచ్చా ఫొటోకొకటి చొప్పున చారలా సాగి కనబడుతుంది. కెమెరా మౌంటు కిందికి ఉండేలా పట్టుకుని మార్చండి, స్టాక్ మొదలుపెట్టేముందు తెల్ల కాగితాన్ని ఫోకస్ లేకుండా ఒక ఫొటో తీసి మచ్చలున్నాయేమో చూడండి. ఉంటే రబ్బరు బల్బుతో ఊదండి, నోటితో మాత్రం వద్దు.